నీరు పల్లమెరుగు, అనుమతి ఎరుగదు

2024 ఆగస్టు 31న మొదలై మర్నాటి దాకా ఉమ్మడి నల్లగొండ, ఖమ్మం జిల్లాలను ముంచెత్తిన వానను వాతావరణ శాఖ భాషలో ‘అత్యంత భారీ వర్షం’ అంటారు. ఇరవై నాలుగు గంటల్లో 204.5 మిల్లీమీటర్లు పడితే ఆ పేరు పెడతారు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు చాలాచోట్ల వాన ఆ గీత దాటింది. ఏడాదంతా కలిపి ఎనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే నేల మీద నాలుగో వంతు ఒక్క రోజులో పడింది. కోదాడలో కాలనీలు మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి, ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్ల మీద పడ్డాయి. ఆ రెండు నగరాల కష్టం పెద్దది కావడంతో కోదాడ సంగతి త్వరగానే వెనక్కి పోయింది.

అంత వాన పడితే ఎవరు మాత్రం ఏం చేయగలరని అప్పుడు చాలామంది అన్నారు. అందులో నిజం ఉంది. అలాంటి వానను పూర్తిగా మోయగల మోరీలు ఏ పట్టణమూ కట్టుకోలేదు. చెరువుల పనుల్లోనూ పట్టణాల వరద కాలువల పనుల్లోనూ ఉద్యోగ జీవితం గడిపిన ఇంజనీరుగా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది అందులో నాలుగో వంతు వాన. ఒక సాయంత్రం గంటసేపు దంచికొట్టే యాభై మిల్లీమీటర్ల వాన. అది ఏ ఏడాదికి ఆ ఏడాది రాగల వాన. దాన్ని తట్టుకునే శక్తిని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు మెల్లగా పోగొట్టుకుంటున్నాయి. పోగొట్టుకుంటున్న తీరు కూడా కళ్లముందే ఉంది. మూడు ఊళ్లూ నడిబొడ్డును కొత్తగా కట్టుకుంటున్నాయి, చుట్టూ కొత్త ఇళ్లు లేపుకుంటున్నాయి. ఆ కట్టడమంతా ప్లాటు ప్లాటుగా, ఒక్కో ప్లాటుకు ఒక్కో అనుమతితో సాగుతోంది. నీటికి ప్లాట్లు తెలియవు, పల్లం ఒక్కటే తెలుసు. వాన నీటి దారిని ముందు గుర్తించి, చట్టం చేతిలో పెట్టి, ఆ తర్వాత మిగతా కట్టడాలకు దారి ఇవ్వకపోతే, రాబోయే పదేళ్లలో కట్టే ప్రతి ఇల్లూ ఇప్పటికే ఉన్న ఇంకో ఇంటికి నీళ్లు పంపుతుంది.

పెరిగిన తీరు

సూర్యాపేట 1952లో మున్సిపాలిటీ అయింది, మిర్యాలగూడ 1984లో, కోదాడ 2011లో. 2011 జనాభా లెక్కల్లో మొదటి రెండు పట్టణాలూ లక్ష దాటాయి, కోదాడ అరవై వేలు దాటింది. ఆ తర్వాత జనాభా లెక్క జరగలేదు. తర్వాతి లెక్క 2027లో. అంటే ఈ ఊళ్ల రోడ్లు, మోరీలు, నీటి ట్యాంకుల ప్రణాళికలకు ఆధారం ఇప్పటికీ పదిహేనేళ్ల నాటి అంకెలే.

ఈ పదిహేనేళ్లలోనే ఊళ్లు మారిపోయాయి. 2012 నాటికి విజయవాడ రహదారి నాలుగు వరుసలైంది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023 ఆగస్టు 20న కొత్త కలెక్టరేట్, వైద్య కళాశాల భవనం, సమీకృత మార్కెట్ ఒకే రోజు ప్రారంభమయ్యాయి. మిర్యాలగూడ వరి మిల్లుల పట్టణంగా ఎదిగి, పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం రావడంతో మరింత సాగింది. కోదాడకు ఆంధ్ర సరిహద్దు, రహదారి, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు బలం. మిల్లుల లాభం, ఉద్యోగుల పొదుపు, అమెరికా నుంచి పిల్లలు పంపే డబ్బు, పొలం అమ్మిన సొమ్ము, ఇవన్నీ చివరికి చేరేది గజం లెక్కన అమ్మే నేల దగ్గరికే. బైపాస్ పక్కన వెంచర్, మెయిన్ రోడ్డు మీద పాత పెంకుటిల్లు పోయి నాలుగంతస్తుల కాంప్లెక్స్, వెనక వీధిలో స్టిల్ట్ మీద అపార్ట్‌మెంట్. ఇల్లు కావాలనుకోవడం తప్పు కాదు. ఈ ఊళ్లకు ఇళ్లు కావాలి, దుకాణాలు కావాలి, వెడల్పాటి రోడ్లు కావాలి. అవి నీటి సంగతి అడగకుండా వస్తున్నాయన్నదే నా ఆందోళన.

చెరువు నిండుగా ఉంటే ప్రమాదం ఎందుకు

మన ప్రాంతపు పాత ఊళ్లు గొలుసుకట్టు చెరువుల మధ్య పుట్టాయి. పై చెరువు నిండి అలుగు దుంకితే ఆ నీరు కాలువలో పడి కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు చేరుతుంది. మధ్యలో ఉన్న పొలాలు ఆ నీటిని కొంతసేపు పట్టి ఉంచేవి. పాత రెవెన్యూ నక్షల్లో ఈ కాలువలు గీతలుగా కనబడతాయి. నేల మీద వాటిలో చాలా భాగం ఇప్పుడు రోడ్డో, ప్రహరీ గోడో, వెనక వీధి మోరీయో అయింది.

దీనితో పాటు జరిగిన ఇంకో మార్పు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అది చెరువు లోపల జరిగింది. ఆయకట్టు ఉన్న రోజుల్లో రైతు తూము ఎత్తి నీళ్లు పారించుకునేవాడు. వేసవికి చెరువు అడుగంటేది. జూన్‌లో మొదటి వానలు పడేసరికి చెరువు కడుపు ఖాళీగా ఉండేది, రెండు మూడు పెద్ద వానలను మింగేది. ఇప్పుడు పట్టణ చెరువుల కింద ఆయకట్టు ప్లాట్లయింది. తూము ఎత్తే అవసరం ఎవరికీ లేదు. పైగా చుట్టుపక్కల కాలనీల మురుగు ఏడాది పొడవునా వచ్చి పడుతోంది. చెరువు ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటుంది, చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. ఇంజనీరు కంటికి మాత్రం అది ఖాళీ లేని పాత్ర. సెప్టెంబర్‌లో వాన పడగానే వచ్చిన నీరు వచ్చినట్టే అలుగు మీదికి పోతుంది. ఒకప్పుడు రెండు రోజుల్లో మెల్లగా దిగే వరద రెండు గంటల్లో దిగుతుంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. పట్టణ చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లుగా తీర్చారు. సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద ఇప్పుడు జనం సాయంత్రాలు నడుస్తారు. అది మంచి పని. చెరువును ఊరి వాళ్లు మళ్లీ తమదనుకోవడం చిన్న సంగతి కాదు. అయితే ఏ చెరువుకైనా కట్ట సగం సంగతి, అలుగు కింద కాలువ మిగతా సగం. కట్టకు దీపాలు, రెయిలింగు, నడకబాట వచ్చినంత వేగంగా అలుగు కాలువకు హద్దురాళ్లు రాలేదు.

వంద ఎకరాల లెక్క

ఈ మాటలను అంకెల్లో పెట్టి చూపించాలి. ఊరి శివారులో వంద ఎకరాల చెలక అనుకుందాం. గంటకు యాభై మిల్లీమీటర్ల వాన పడుతోంది. దున్నిన నేల, గట్లు, తుప్పలు ఉన్నప్పుడు అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ నీరు పారుతుంది, మిగతాది నేల పట్టుకుంటుంది. కాలువల రూపకల్పనకు ఇంజనీర్లందరూ వాడే మామూలు సూత్రం ప్రకారం అప్పుడు కింది కాలువలోకి వచ్చేది సుమారు 70 క్యూసెక్కులు. అదే వంద ఎకరాలు వెంచరై, ఇళ్లు లేచి, సీసీ రోడ్లు పడి, వాకిళ్లలో టైల్స్ పరిచాక ఎనభై శాతం నీరు పారుతుంది. అదే వానకు ఇప్పుడు వచ్చేది దాదాపు 160 క్యూసెక్కులు. వాన పెరగలేదు, వరద రెట్టింపు దాటింది.

ఆ నీరు పోవడానికి మనం ఏం ఇస్తున్నాం? పాత కాలువను పూడ్చిన చోట రెండడుగుల సిమెంటు పైపు వేసి పైన రోడ్డు పరచడం చాలా వెంచర్లలో అలవాటు. ఆ పైపు నిండుగా, మంచి వాలుతో, చెత్త లేకుండా పారితే మోసేది 15 క్యూసెక్కులు. మిగిలిన 145 క్యూసెక్కులు రోడ్డు మీద నడుస్తాయి, కింది కాలనీలో ఆగుతాయి.

ఆ 160 క్యూసెక్కులను మోయడానికి పదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న తెరిచిన కాలువ చాలు. సెకనుకు నాలుగడుగుల వేగంతో పారితే లెక్క సరిగ్గా సరిపోతుంది. 2012 భవన నిర్మాణ నియమాలు అంత కాలువకు ఇరువైపులా రెండేసి మీటర్లు వదలమన్నాయి. మొత్తం ఏడు మీటర్ల పట్టీ. వంద ఎకరాల వెంచర్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దాటడానికి ఆ పట్టీకి పట్టే నేల ఒక ఎకరం పైచిలుకు. పై చెరువు అలుగు నీటినీ కలుపుకుంటే రెండు మూడు ఎకరాలు. వందలో రెండు మూడు ఎకరాలు మిగుల్చుకోవడం కోసం కింద ఉన్న వేల ఇళ్లను పణంగా పెడుతున్నాం.

వానల తీరు కూడా మన వైపు లేదు. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్తల నాయకత్వంలో 2017లో వచ్చిన అధ్యయనం 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తృతంగా కురిసే తీవ్ర వర్షాల ఘటనలు మూడు రెట్లు పెరిగాయని చూపింది. పట్టణాల వరద మోరీలు మామూలుగా రెండు మూడేళ్లకొకసారి వచ్చే వాన లెక్కతో కడతారు. ఆ లెక్కలకు ఆధారమైన వానలే మారిపోతున్నాయి.

అనుమతి ఏం అడుగుతుంది, ఏం అడగదు

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇల్లు కట్టుకునే సామాన్యుడికి మేలు చేసింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకన్నా పెద్దవాటికి 21 రోజుల గడువు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. దాన్ని వెనక్కి తిప్పమని నేను అనను.

అయితే ఆ దరఖాస్తు అడిగే ప్రశ్నలన్నీ ప్లాటు హద్దుల లోపలివే. ఎంత ఖాళీ వదిలారు, ఎంత ఎత్తు కడుతున్నారు, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా. ఈ స్థలంలో రెండడుగుల మట్టి పోసి ఎత్తు చేస్తే ఇన్నాళ్లూ దీని మీదుగా పోయిన నీరు ఎటు పోతుందని అది అడగదు. అడిగినా యజమాని చెప్పలేడు. అది ఊరు చెప్పవలసిన జవాబు. ఊరి దగ్గర ఆ పటం లేదు.

నియమాలు లేక ఈ పరిస్థితి రాలేదు. చిన్న కుంట మొదలు పెద్ద నది దాకా దేనికెంత దూరం వదలాలో 2012 నియమాల్లోనే ఉంది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టపు గీత నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. పది మీటర్లు మించిన వాగుకు, కాలువకు 9 మీటర్లు, చిన్న కాలువకు 2 మీటర్లు. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది. ఊరుమ్మడి నీటి నేలల ఆక్రమణలను క్రమబద్ధం చేయొద్దని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని ఉన్నా, ఎక్కడి నుంచి కొలవాలో తేల్చే గీత నేల మీద లేకపోతే బఫర్ అన్నది కాగితం మీదే ఉంటుంది. గీత లేని చోట ప్రతి ఒక్కరూ తమ ప్లాటు దాటాకే కాలువ మొదలవుతుందని నమ్ముతారు.

ఇంకో ఆధారం 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ పథకం. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్లు క్రమబద్ధం చేయమని పెట్టుకున్న దరఖాస్తులు రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలు దాటాయి. అంటే పాతిక లక్షల ప్లాట్లు మురుగు, వరద నీటి సంగతి ఏ అధికారీ చూడకముందే అమ్ముడైపోయాయి. రుసుము కడితే కాగితం సరవుతుంది, పల్లం సరికాదు.

హైదరాబాద్‌లో చెరువులు, నాలాల రక్షణకు 2024 జూలైలో హైడ్రా ఏర్పాటు చేశారు. దాని అధికారం ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. రాజధానికి నూట ముప్పై కిలోమీటర్ల పైన ఉన్న సూర్యాపేటలో అదే పనికి మున్సిపల్ టౌన్‌ప్లానింగ్, రెవెన్యూ, నీటిపారుదల శాఖలు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

నడిబొడ్డులో జరుగుతున్నది

శివారు వెంచర్ల ఫలితం చివరికి పడేది ఊరి మధ్యలోనే. పాత బజారు సాధారణంగా చెరువు కట్ట కింద, పల్లంలో ఉంటుంది. ఇప్పుడు అక్కడే పెట్టుబడి ఎక్కువగా దిగుతోంది. రోడ్డు వెడల్పు చేయడంలో పాత మోరీ మీద స్లాబు వేస్తారు, దాని మీద నడకబాట, బాట మీద దుకాణం మెట్లు. కొన్నాళ్లకు లోపల పూడిక తీసే దారే మిగలదు. రోడ్డు పాడైనప్పుడల్లా పాత పొర తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు. ఒక్కో పొరకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. మూడు పొరలు పడేసరికి ముప్పై ఏళ్ల నాటి ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి పోతాయి. కొత్తగా కట్టేవాడు దాన్ని చూసి తన పునాది ఇంకో రెండడుగులు లేపుతాడు. అలా ఒక్కో వీధిలో కొత్త ఇళ్లు గట్టు మీద, పాత ఇళ్లు గుంటలో మిగులుతాయి. గుంటలో మిగిలేది ఎప్పుడూ మళ్లీ కట్టుకునే స్తోమత లేనివాళ్లే.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది సెల్లార్లు. పార్కింగ్ కోసం అనుమతి తీసుకుని, తర్వాత అందులో గోదాము, ల్యాబు, ట్యూషన్ సెంటరు, జనరేటరు గది పెట్టడం మన పట్టణాల్లో మామూలైంది. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీలోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. అలాంటి సెల్లార్లు మన మెయిన్ రోడ్ల మీద ఎన్ని ఉన్నాయో, ఏవి అలుగు కాలువ పాత దారిలో ఉన్నాయో ఒక్కసారి నడిచి చూసే పని ఇంకా మిగిలే ఉంది. ఆసుపత్రులు, కాలేజీలు ఇంతగా పెరిగిన సూర్యాపేటలో, కోదాడలో ఇది వాయిదా వేసుకోదగ్గ పని కాదు.

మిర్యాలగూడ సమస్య కొంచెం వేరు. అక్కడ కొత్త కాలనీలు లేస్తున్నది సాగర్ ఎడమ కాలువ తడిపిన వరి మడుల మీద. 1967లో కాలువకు నీళ్లు వదిలినప్పటి నుంచి అక్కడి నేల తడిసి ఉంది. బరువైన నేలల్లో భూగర్భ జలం పైకే ఉంటుంది. నీరు ఇంకే చోటు తక్కువ. పొలాలకు నీళ్లు తెచ్చిన పిల్ల కాలువలు, వాడేసిన నీటిని వాగుకు చేర్చిన మురుగు కాలువలు రెండూ ఆ మడుల మధ్యే ఉన్నాయి. పొలం ప్లాటైనప్పుడు పిల్ల కాలువ అవసరం తీరుతుంది. మురుగు కాలువ అవసరం రెట్టింపవుతుంది. వెంచర్ వేసేవాడు రెంటినీ కలిపి చదును చేస్తాడు. ఊరి పక్కనుంచి పోయే రైలు కట్ట, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి కట్ట ఈ నీటిని కల్వర్టుల దగ్గరికి మాత్రమే పోనిస్తాయి. ఆ కల్వర్టులు పొలాల నీటి లెక్కతో కట్టినవి, కాలనీల నీటి లెక్కతో కాదు.

పట్టణ ప్రణాళికకు డబ్బు వచ్చే దారుల్లో కూడా ఈ సంగతి వెనకే ఉంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో తెలంగాణ నుంచి ఎంపికైన 12 పట్టణాల్లో సూర్యాపేట, మిర్యాలగూడ ఉన్నాయి. లక్ష జనాభా లేని కోదాడ అందులోకి రాలేదు. ఆ పథకంలో ఎక్కువ సొమ్ము తాగునీటికి, మురుగు శుద్ధికి వెళ్లింది. అవి అవసరమే. వరద కాలువకు మిగిలింది కొంచెం. ఈ మూడు పట్టణాల్లో 2024లో ఎక్కువ దెబ్బ తిన్నది ఆ జాబితాలో లేని కోదాడే.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఆలస్యానికి ఎంత ఖర్చవుతుందో మనకు దగ్గర్లోనే రుజువుంది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. తర్వాత నియమించిన కిర్లోస్కర్ సంస్థ 2003లో నివేదిక ఇచ్చింది. నాలాలు ఎక్కడెక్కడ ఇరుకయ్యాయో, ఎంత వెడల్పు కావాలో అందులో ఉంది. అప్పటికే నాలాల మీద వేల కట్టడాలు లేచి ఉండటంతో పని ముందుకు సాగలేదు. 2020 అక్టోబర్‌లో నగరం మళ్లీ మునిగింది. ఆ తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది. సమస్య తెలియక నగరం నష్టపోలేదు. తెలిసిన రోజుకే నేల చేజారింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇంకా ఆ దశకు రాలేదు. శివార్లలో కాలువల దారి చాలాచోట్ల ఇంకా ఖాళీగానే ఉంది. కొన్నేళ్లు గడిస్తే ఉండదు.

ఊరి నడిబొడ్డును నీటితో మొదలుపెట్టి కొత్తగా కట్టుకున్న నగరాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చొంగ్యేచొన్ అనే వాగును కప్పేసి, పైన ఎత్తైన రహదారి కట్టారు. 2003లో ఆ రహదారిని కూల్చి, 5.8 కిలోమీటర్ల మేర వాగును మళ్లీ తెరిచి, 2005లో ప్రజలకు ఇచ్చారు. ఆ వాగు గట్లే ఇప్పుడు నగరానికి ఆకర్షణ. మన ఊళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు, మనం ఇంకా పూర్తిగా కప్పేయలేదు కాబట్టి.

చేతనైన పని గురించి సూర్యాపేటకు వేరేవాళ్లు చెప్పాల్సిన పనీ లేదు. 2003 ప్రాంతంలో ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త వేరుగా సేకరించి, చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతా వచ్చి చూసేలా నిలిచింది ఈ ఊరే. పెద్ద డబ్బు లేకుండా, ఒక మున్సిపాలిటీ మనసు పెడితే ఏమవుతుందో చేసి చూపించింది.

చేయవలసినది

మొదటి పని సర్వే. పాత రెవెన్యూ నక్ష, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, డ్రోన్‌తో తీసిన నేల మట్టాలు, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పెడితే ప్రతి చెరువు అలుగు నుంచి వాగు దాకా నీటి దారి తేలుతుంది. మూడు పట్టణాలకూ కలిపి ఒక వేసవిలో అయ్యే పని ఇది. ఆ పట్టీలను ప్రకటించి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ నేలను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ జాబితాలో చేర్చాలి. అప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే అమ్మకం ఆగుతుంది. ఇల్లు కట్టాక కూల్చడం కన్నా, ప్లాటు అమ్మకముందు ఆపడం ఎంతో దయగల పని.

రెండోది, ఆ పటాన్ని అనుమతులిచ్చే కంప్యూటర్‌లో పెట్టాలి. స్వీయ ధ్రువీకరణ అలాగే ఉండనీయండి. పట్టీ పడే ప్లాటుకు మాత్రం తక్షణ అనుమతి రాకుండా ఇంజనీరు వచ్చి చూశాకే రావాలి. ప్రతి వీధికి ఒక మట్టం నిర్ణయించి, రోడ్డు ఆ మట్టం దాటకూడదని టెండరులోనే రాయాలి. పాత పొర తవ్వకుండా కొత్త పొర వేసే కాంట్రాక్టుకు బిల్లు ఇవ్వకూడదు. పల్లపు వీధుల్లో ఉన్న సెల్లార్లలో మనుషులు కూర్చునే ఏ పనికీ, కరెంటు ప్యానెళ్లకూ అనుమతి ఉండకూడదు.

మూడోది, చెరువులకు మళ్లీ తూము మనిషి కావాలి. ఆయకట్టు లేని పట్టణ చెరువులో మే నెలాఖరుకు మూడో వంతు ఖాళీ ఉండేలా నీటిపారుదల శాఖ బాధ్యత తీసుకోవాలి. దానికి ముందు మురుగును చెరువులో పడకుండా మళ్లించాలి.

నాలుగోది, చేజారిపోయే సమయం గురించి. గుంటూరు–బీబీనగర్ రైలు మార్గం రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. విజయవాడ రహదారిని ఆరు వరుసలు చేయాలన్న ప్రతిపాదన ఉంది. కట్ట పక్కన కొత్త కట్ట పడేటప్పుడు కల్వర్టు వెడల్పు పెంచడం సులువు, పడ్డాక ముప్పై ఏళ్లు ఎవరూ ముట్టుకోరు. ఏ కల్వర్టు దగ్గర ఎన్ని క్యూసెక్కులు కావాలో లెక్క కట్టి రైల్వేకు, జాతీయ రహదారుల సంస్థకు రాయవలసింది మున్సిపాలిటీలే. లెక్క లేకుండా రాసిన ఉత్తరాన్ని ఎవరూ చదవరు.

డబ్బు ఎక్కడిదంటారు. ఎల్‌ఆర్‌ఎస్ కింద ఈ పట్టణాల ప్రజలే కట్టిన రుసుము ఉంది. ఆ ప్లాట్ల దగ్గరి వరద కాలువకే దాన్ని ముందు ఖర్చు చేయడం న్యాయం.

ఇంకో న్యాయం కూడా మరిచిపోకూడదు. నాలా గట్టున గుడిసె వేసుకున్నవాళ్లు వేరే దిక్కు లేక అక్కడికి వచ్చారు. నాలా వెడల్పు చేసే పని వాళ్ల గుడిసెలతో మొదలై వాళ్లతోనే ఆగిపోతే అది రక్షణ కాదు. ఇందిరమ్మ ఇళ్ల కింద ఒక్కో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షల సాయం ప్రకటించారు. ఆ జాబితాలో నాలా గట్టు కుటుంబాలు మొదట ఉండాలి. వాళ్లకిచ్చే స్థలం మళ్లీ ఏ చెరువు శిఖంలోనో ఉండకూడదు.

ఇప్పుడు ప్లాటు కొంటున్నవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. అమ్మేవాడు డీటీసీపీ నంబరు చూపిస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూపిస్తాడు. వాటితో పాటు ఆ సర్వే నంబరు నక్షలో కాలువ గీత ఉందా అని అడగండి. పాత రైతును పిలిచి వానాకాలం నీరు ఎటు నుంచి ఎటు పోయేదో చెప్పించుకోండి. వార్డు కౌన్సిలర్‌ను, కమిషనర్‌ను మా వీధి నీరు ఏ చెరువుకు, ఏ దారిన పోతుందో పటం మీద చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ పటం తయారయ్యే దాకా కొత్త లేఅవుట్లకు, నడిబొడ్డులో కొత్త సెల్లార్లకు అనుమతులు ఆపమని కోరండి. ఆ కొద్ది నెలల ఆలస్యంతో బిల్డర్లకు కొంత నష్టం రావచ్చు. పటం లేకుండా ఇచ్చే ప్రతి అనుమతితో ఊరు పోగొట్టుకునే నేల మాత్రం ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.